మా సారు సైటూ, నా బ్యాకప్ స్క్రిప్టూ

ఈ టపా రాయాలా వద్దా అని చాలా రోజులు నాన్చాను. రాస్తే నా పరువు నేనే తీసుకున్నట్టు. ఆఫీసులో జూనియర్లకి బ్యాకప్పుల గురించి క్లాసులు పీకేవాణ్ణి మరి. కానీ మొన్న మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి ఒక షెల్ స్క్రిప్టు రివ్యూకి పంపాడు. అందులో మూడో లైన్లోనే డేటాబేసు పాస్‌వర్డు కాలు మీద కాలేసుకుని కూచుని ఉంది. "ఇదేంటి బాబూ?" అంటే, "కాన్ఫిగ్ ఫైల్లోంచి తీయడం పెద్ద పని సార్, ఒక్కసారే కదా అని ఇక్కడ రాసేశా" అన్నాడు. ఇంజనీరింగు అయిన కొత్తలో అచ్చంగా నేనన్న మాటే. అతన్ని కూచోబెట్టి గంటసేపు చెప్పాను. ఆ చెప్పిందే ఇది, కొంచెం సాగదీసి.

తిరుపతిలో నాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన సారు రిటైరయ్యాక చిత్తూరులో ఉంటున్నారు. ఆయనకో పిచ్చి ఉంది. మా వైపు పల్లెల్లో మాట్లాడే మాటలు పోగేస్తుంటారు. చిత్తూరు జిల్లా అంటే పాత జిల్లా. 2022 ఏప్రిల్లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, సారు లెక్కలో మాటలకి ఇంకా పాత హద్దులే. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, చెనక్కాయలు - ఇవంటే అందరికీ తెలిసినవే. బెంగుళూరు పీజీల్లో కోస్తా స్నేహితుల ముందు ఈ మాటలనేసి నవ్వులపాలైన వాళ్ళు మనలో చాలామందే ఉంటారు. సారు అక్కడితో ఆగరు. గెనుము మీద కూచుని రైతుతో మాట్లాడి, ఒక్క మాట చుట్టూ రెండు పేజీలు రాస్తారు. ఆ మాట ఎవరన్నారు, ఏ ఊళ్ళో అన్నారు, ఏ పని చేస్తూ అన్నారు, ఇప్పుడా పని ఉందా లేదా, అన్నీ.

2017లో నేను తిరుపతిలో ఇంజనీరింగు చదువుతూ ఉండగా ఆయనకి వర్డ్‌ప్రెస్‌తో ఒక సైటు చేసిపెట్టాను. గురుదక్షిణ అనుకోండి. చిన్న సర్వరొకటి అద్దెకి తీసుకుని, థీమ్ పెట్టి, తెలుగు టైపు చేయడం నేర్పి, నేను ఉద్యోగానికి బెంగుళూరు వచ్చేశాను. సారు ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతూ వారానికో టపా వేసేవారు. సర్వరు బాగోగులు నావి. రాత్రి రెండున్నరకి నడిచే బ్యాకప్ స్క్రిప్టు కూడా నాదే.

కంప్యూటర్ల గోల పట్టనివాళ్ళు కూడా దీనికి సరిపడా అర్థం చేసుకోవచ్చు, భయపడకండి. వర్డ్‌ప్రెస్‌లో టపాలన్నీ ఒక డేటాబేసులో ఉంటాయి. ఆ డేటాబేసు పేరు, యూజరు, పాస్‌వర్డు మాత్రం డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే పీహెచ్‌పీ ఫైల్లో ఉంటాయి. సైటు పేరు, చిరునామా, ఏ థీము, ఏ విడ్జెట్ లాంటి మిగతా సెట్టింగులు మళ్ళీ డేటాబేసులోనే ఆప్షన్స్ అనే టేబుల్లో ఉంటాయి. తాళం బయట, మిగతా సామాను లోపల. బ్యాకప్ తీసే స్క్రిప్టు బయటివాడు. వాడికి ముందు తాళం కావాలి. ఆ తాళం ఎవరినడిగి తీసుకోవాలన్నదే ఈ కథంతా.

నా మొదటి స్క్రిప్టు ఎవర్నీ అడగలేదు. పాస్‌వర్డు అందులోనే రాసేశాను. మైఎస్‌క్యూఎల్ డంప్ తీసి, పైపు గుండా జీజిప్‌కి పంపి, తారీఖు పేరుతో ఫైలు చేసేది. బ్రహ్మాండంగా నడిచింది. 2019లో సర్వరు మార్చినప్పుడు కొత్త పాస్‌వర్డు పెట్టాను, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో మార్చాను, స్క్రిప్టులో మార్చడం మర్చిపోయాను. నెలన్నర తర్వాత వేరే పనిమీద ఆ ఫోల్డరు తెరిస్తే నలభైకి పైగా ఫైళ్ళు, ఒక్కోటీ సరిగ్గా 20 బైట్లు. జీజిప్‌కి ఏమీ ఇవ్వకపోయినా అది బుద్ధిగా 20 బైట్ల ఖాళీ పొట్లం కట్టి ఇస్తుంది. పైపులో చివరి కమాండు జీజిప్ కాబట్టి, డంపు ఫెయిలైనా స్క్రిప్టు దృష్టిలో అంతా విజయమే. పైపులో ఏ ముక్క ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టే అని బ్యాష్‌కి చెప్పే పైప్‌ఫెయిల్ అనే సెట్టింగు ఒకటుందని ఆ రోజే తెలిసింది. నాలుగేళ్ళ ఇంజనీరింగులో యూనిక్స్ పేపరు రాసి పాసయ్యాను లెండి :-)

అప్పుడు నష్టమేమీ జరగలేదు. సైటు నిక్షేపంగా ఉంది. చెమట తుడుచుకుని, ఇకపై పాస్‌వర్డు రెండు చోట్ల ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను. స్క్రిప్టే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ చదివి తీసుకోవాలి.

మనవాళ్ళు అందరూ చేసేదే నేనూ చేశాను, గ్రెప్. డీబీ పాస్‌వర్డ్ అన్న లైను పట్టుకుని, కోట్ల మధ్య ఉన్నది కోసి తీసుకోవడం. అది ఎన్ని రకాలుగా బోల్తా కొడుతుందో ఒక సాయంత్రమంతా చూశాను. పాత పాస్‌వర్డు లైనుని తీసేయకుండా ముందు రెండు గీతలు పెట్టి కామెంటు చేసి ఉంచాను, గ్రెప్‌కి కామెంటేమిటో కోడేమిటో తెలీదు, రెండూ తెచ్చింది. ఒక చోట సింగిల్ కోట్లు, ఒక చోట డబుల్ కోట్లు. పాస్‌వర్డులో డాలరు గుర్తు ఉంటే షెల్లు దాన్ని వేరియబుల్ అనుకుని మింగేసింది. పైగా డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలు సైటు ఫోల్డరుకి ఒక మెట్టు పైన ఉన్నా వర్డ్‌ప్రెస్ ఊరుకుంటుంది, నా స్క్రిప్టు ఊరుకోదు. ఇంత జరిగాక నాకర్థమైందేమంటే, అది సెట్టింగుల పట్టిక కాదు, ఒక ప్రోగ్రాము. ప్రోగ్రామును గ్రెప్‌తో చదవడమంటే నవల్లో హీరో పేరున్న లైన్లు మాత్రం చదివి కథ చెప్పడం లాంటిది.

సరే, ప్రోగ్రామైతే నడిపిద్దాం అనుకున్నాను. పీహెచ్‌పీని కమాండ్ లైన్లో పిలిచి ఆ ఫైలుని లోపలికి తెచ్చుకుని పాస్‌వర్డు అచ్చు వేయమంటే సరి. తంటా ఏమిటంటే, ఆ ఫైల్లో చివరి లైను వర్డ్‌ప్రెస్ మొత్తాన్ని లేపుతుంది. ఒక్క పాస్‌వర్డు కోసం ప్లగిన్లన్నీ నిద్రలేచి, వాటిల్లో ఒకటి ఏదో హెచ్చరిక ముద్రించి, ఆ హెచ్చరిక నా పాస్‌వర్డుకి అతుక్కుపోయి వచ్చింది. జూమ్లాలో ఈ బాధ లేదు. అక్కడ కాన్ఫిగరేషన్ ఫైలంటే ఒక క్లాసు, అంతే, హాయిగా తెచ్చుకోవచ్చు. 2021లో వచ్చిన జూమ్లా 4 నుంచైతే సెట్టింగు అడగడానికి కమాండే ఉంది. ద్రుపల్ వాళ్ళకి డ్రష్ ఎప్పటినుంచో ఉంది. ద్రుపల్ 8 నుంచి సెట్టింగులన్నీ యామల్ ఫైళ్ళుగా ఎగుమతి చేసుకుని గిట్‌లో కూడా పెట్టుకోవచ్చు. అసూయ పుట్టే విషయమే.

వర్డ్‌ప్రెస్‌కీ డబ్ల్యూపీ-సీఎల్ఐ ఉంది. అది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ చదివి, అందులో వర్డ్‌ప్రెస్‌ని లేపే ఆ ఒక్క లైనుని మాత్రం పీకేసి, మిగతాదాన్ని నడిపిస్తుంది. కామెంట్లు, కోట్లు, డాలర్లు అన్నీ పీహెచ్‌పీయే చూసుకుంటుంది. కాన్ఫిగ్ గెట్ అని అడిగితే ఒక్కో సెట్టింగూ ఇస్తుంది. డీబీ ఎక్స్‌పోర్ట్ అంటే పాస్‌వర్డు మన చేతికి కూడా రాకుండా తనే డంపు తీసేస్తుంది. అదీ మంచిదే. మామూలుగా కమాండు పక్కనే పాస్‌వర్డు రాస్తే, అదే సర్వరు మీద ఉన్న ఇంకొకడు నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో దాన్ని చూసే ప్రమాదం ఉంటుంది.

2021లో స్క్రిప్టుని డబ్ల్యూపీ-సీఎల్ఐకి మార్చాను. నలభై లైన్లు ఆరు లైన్లయ్యాయి. రాత్రి తీసిన ఫైలు, ఫోటోల ఫోల్డరు రెండూ నా ఇంకో సర్వరుకి కాపీ అవుతాయి. ఒకసారి ల్యాప్‌టాప్ మీద రిస్టోర్ చేసి చూశాను కూడా. సైటు మొత్తం వచ్చింది. దీని గురించే ఆఫీసులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రజెంటేషన్ ఇచ్చాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఇప్పుడు 2022 ఫిబ్రవరికి వద్దాం. సైటు ఫోన్లో సరిగ్గా కనబడ్డం లేదని సారు అంటే కొత్త థీము వేద్దామనుకున్నాను. అసలు సైటు మీద ప్రయోగాలు చేయకూడదు కదా. అదే సర్వరు మీద డేటాబేసుకి ఒక నకలు చేసి, టెస్ట్ అని ఒక సబ్‌డొమైన్ పెట్టి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో చిన్న ఇఫ్ రాశాను. వచ్చిన రిక్వెస్టులో హోస్టు పేరు అసలు సైటుదైతే అసలు డేటాబేసు. కాకపోతే టెస్టు డేటాబేసు. చాలా ఆలోచించి మరీ రాశాను. ఎల్స్ అంటే ఎప్పుడూ ప్రమాదం లేని వైపు ఉండాలి, అనుమానమొస్తే టెస్టుకి పోవాలి, సారు రాసినవి పొరపాటున కూడా చెడకూడదు అని. హోస్టు పేరు అసలు లేకపోతే పీహెచ్‌పీ హెచ్చరిక ఇస్తుందని తెలుసు కాబట్టి, ఇస్‌సెట్ పెట్టి ఆ నోరు కూడా మూయించాను.

మీలో కొందరికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది.

బ్రౌజరు నుంచి వచ్చినవాడికి హోస్టు పేరుంటుంది. రాత్రి రెండున్నరకి క్రాన్ లేపితే లేచిన స్క్రిప్టుకి హోస్టు పేరెక్కడిది? అది వెబ్బు గుండా రాలేదు, పెరటి దారిన వచ్చింది. డబ్ల్యూపీ-సీఎల్ఐ ఎప్పటిలాగే కాన్ఫిగ్‌ని నడిపింది, ఇఫ్ దగ్గర హోస్టు లేదు, ఎల్స్‌లోకి పోయింది, టెస్టు డేటాబేసు తాళం తీసుకుంది, బ్రహ్మాండంగా డంపు తీసింది. ఈసారి 20 బైట్లు కాదు. లక్షణంగా కొన్ని మెగాబైట్లు. జీజిప్ విప్పి చూస్తే నిండా తెలుగే. మధ్యలో ఒకసారి, జూన్‌లో అనుకుంటా, విప్పి చూశాను కూడా. గెనుము గురించిన టపా కనబడింది. సంతోషపడి మూసేశాను. అది ఫిబ్రవరికి ముందుదా తర్వాతదా అని చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం బెంగుళూరు నుంచి తిరుపతి బస్సులో వస్తున్నాను. బస్సు మొగిలి ఘాట్ దిగుతోంది. ఫోను సిగ్నల్ పోయి మళ్ళీ వచ్చేసరికి సర్వరు అద్దెకిచ్చినవాళ్ళ మెయిలు. మీ సర్వరు ఉన్న యంత్రంలో డిస్కులు చెడిపోయాయి, డేటా తిరిగి తేలేము, కొత్త సర్వరు ఇస్తాము, అసౌకర్యానికి చింతిస్తున్నాము. నిజం చెప్తున్నాను, నేను నవ్వుకున్నాను. బ్యాకప్ ఉన్నవాడి ధీమా అది. ఇంటికెళ్ళి, స్నానం చేసి, అమ్మ పెట్టిన సంగటి తిని, ల్యాప్‌టాప్ తెరిచి నలభై నిమిషాల్లో సైటు లేపాను. సారుకి ఫోన్ చేసి "సార్, సర్వరు పోయింది, మళ్ళీ పెట్టేశాను, చూడండి" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

పది నిమిషాలకి సారే చేశారు.

"అబ్బయ్యా, ఇది సంకురాత్రి నాటిది మాదిరుండాదే. ఆ తర్వాత రాసినవి యాడికి పోయినాయి?"

క్యాషే అయ్యుంటుంది సార్, రిఫ్రెష్ కొట్టండి అన్నాను. ఆయన కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే లోపలెక్కడో తెలిసిపోయింది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ తెరిచాను. నేను రాసిన ఎల్స్ నన్ను చూస్తూ ఉంది.

ముందు రోజు బ్యాకప్పు, వారం కిందటిది, నెల కిందటిది, అన్నీ ఒకటే. 2022 ఫిబ్రవరి నాటి నకలుకి రోజుకో ఫోటో తీసి దాచుకున్నాను. ఎనిమిది నెలల్లో సారు వేసిన టపాలు 43. ఒక్కటీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాన్ఫిగరేషన్ ఎక్కడుందో నాకు తెలుసుననే అనుకున్నాను అప్పటిదాకా. ఫైల్లో ఉంది, గ్రెప్‌తో అయితే తప్పు తీస్తాం, నడిపించి తీస్తే సరైనదొస్తుంది, ఇదీ నా జ్ఞానం. నడిపించినా ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుందని తట్టలేదు. మన సంగతే చూడండి. మీదే ఊరని అమెరికాలో అడిగితే చెన్నై పక్కన అంటాం. బెంగుళూరులో అడిగితే తిరుపతి అంటాం. తిరుపతిలో అడిగితే లీలామహల్ సర్కిల్ దగ్గర అంటాం. ఒక్కటీ అబద్ధం కాదు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ కూడా నా స్క్రిప్టుకి అబద్ధం చెప్పలేదు. ఊరూ పేరూ లేకుండా వచ్చి తాళం అడిగావు, అనుమానమొస్తే టెస్టు తాళం ఇమ్మని నువ్వే రాసిపెట్టావు, ఇచ్చాను అంది. రాసేవాడికి క్షేమమైన ఎల్స్, బ్యాకప్ తీసేవాడికి గొయ్యి.

పెద్దవాళ్ళు దీన్ని ఎలా చేస్తారో తర్వాత వెతికితే, మన కళ్ళ ముందే ఒక ఉదాహరణ ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ మీద నడుస్తుంది. వికీమీడియా వాళ్ళు తమ వందల వికీల సెట్టింగులని ఒకే చోట, అందరూ చదివేలా బహిరంగంగా పెడతారు. ప్రతి సెట్టింగుకీ ముందు అందరికీ వర్తించే విలువ, దాని కింద ఫలానా వికీకైతే ఫలానా అని. అందులో తెలుగు వికీపీడియా పేరు టీఈవికీ. పాస్‌వర్డులు మాత్రం వేరే రహస్య ఫైల్లో ఉంటాయి, అవి బయటికి రావు. బ్రౌజరు నుంచి వస్తే హోస్టు పేరుని బట్టి ఏ వికీయో తేలుతుంది. కమాండ్ లైన్లో నడిపేవాడు మాత్రం ఏ వికీ తరఫున అడుగుతున్నాడో నోరు తెరిచి చెప్పాలి. ఫలానా సెట్టింగు విలువ ఎంత అని అడిగితే జేసన్‌లో చెప్పే చిన్న స్క్రిప్టు కూడా మీడియావికీతో పాటే వస్తుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐలోనూ ఈ మర్యాద ఉంది, యూఆర్ఎల్ అని ఒక పారామీటరు. అది ఇస్తే, కాన్ఫిగ్‌ని నడిపే ముందే హోస్టు పేరు పెట్టి, వెబ్బు నుంచి వచ్చినట్టు వేషం కడుతుంది. ఒక్క పారామీటరు. నేను ఇచ్చి ఉంటే ఈ టపా లేదు.

ఆదివారం పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను. ఫోన్లో చెప్పే విషయం కాదనిపించింది. సారు వరండాలో కూచోబెట్టి, కాఫీ ఇప్పించి, మొత్తం విన్నారు. ఇఫ్, ఎల్స్, హోస్టు అన్నీ కాగితం మీద గీసి చెప్పాను. తిడతారని ఎదురుచూశాను. ఆయన ఒక్కటే అడిగారు.

"కపిల గురించి రాసింది కూడా పోయిందా?"

మిగతా చోట్ల మోట అంటారు, మా వైపు కపిల. తోలు తొండం ఉన్న బానకి మోకు కట్టి, ఎద్దులతో బావిలోంచి నీళ్ళు తోడటం. మా తరం చూడలేదు. పూతలపట్టు దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన చిన్నప్పుడు కపిల తోలినవాడు. కపిలకి సంబంధించిన ప్రతి భాగానికీ, ఎద్దు వెనక్కి నడవడానికీ ముందుకి నడవడానికీ, బాన నిండకుండా పైకొస్తే దానికీ కూడా వేరువేరు మాటలు చెప్పాడట. సారు మూడుసార్లు వెళ్ళి కూచుని, ఫోన్లోనే నేరుగా టైపు చేసుకుని, రెండు టపాలుగా వేశారు. ఆ పెద్దాయన ఆ ఆగస్టులోనే పోయాడు.

"నోటుబుక్కులో రాసుకోలేదా సార్?"

"నువ్వే కదప్పా, కాగితాలెందుకు సార్, నేరుగా దీంట్లోనే కొట్టండి, పోదు అంటివి."

అన్నాను. నిజమే.

తర్వాత రెండు నెలలు వెతుకులాటే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్లో కొన్ని పేజీలు దొరికాయి. సారు వాట్సాప్‌లో బంధువులకి పంపుకున్నవి కొన్ని. డాలస్‌లో ఉండే ఒక పలమనేరు ఆయన సైటుని ఫీడ్ రీడరులో పెట్టుకుని చదివేవాడని తెలిసి, ప్రాణం లేచొచ్చింది. ఫీడ్ రీడరులో పాత టపాలన్నీ ఉంటాయి కదా. ఉన్నాయి, 43కి 43. కానీ ఒక్కోటీ 55 మాటలే. వర్డ్‌ప్రెస్‌లో రీడింగ్ సెట్టింగుల్లో ఒకటుంటుంది, ఫీడులో టపా మొత్తం పంపాలా, సారాంశం పంపాలా అని. జనం సైటుకి వచ్చి చదవాలని 2017లో నేనే సారాంశం అని టిక్కు పెట్టాను. వర్డ్‌ప్రెస్ లెక్కలో సారాంశమంటే మొదటి 55 మాటలు, ఆపైన మూడు చుక్కలు.

అన్నీ కలిపి 34 టపాలు మొత్తంగా తిరిగొచ్చాయి. తొమ్మిది మాత్రం 55 మాటల దగ్గర ఆగిపోయాయి. కపిల రెండు టపాలూ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. మొదటిదాంట్లో పెద్దాయన ఊరికి దారి, వాళ్ళింటి ముందు చింతచెట్టు, ఆయన కూచున్న నులకమంచం వరకూ ఉంది. "మొదట బానతో మొదలుపెట్టినాడు" అన్న దగ్గర చుక్కలు.

ఇంకో సంగతి. ఫోటోల ఫోల్డరు డేటాబేసుతో పనిలేకుండా నేరుగా కాపీ అయ్యేది కాబట్టి ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి. 2022, దాని లోపల 07 అన్న ఫోల్డరులో ఆ పెద్దాయన ఫోటోలు ఆరు. ఒకదాంట్లో రెండు చేతులూ చాపి ఏదో కొలత చూపిస్తున్నాడు. దేని కొలతో తెలీదు.

రిస్టోరు చేసేటప్పుడు ఇంకో చిన్న దెబ్బ కూడా తగిలింది, తెలుగువాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను. ఆప్షన్స్ టేబుల్లో విడ్జెట్ల లాంటివి పీహెచ్‌పీ సీరియలైజ్ చేసిన రూపంలో ఉంటాయి. ప్రతి మాట ముందూ దాని పొడవు రాసి ఉంటుంది, అదీ బైట్లలో. తిరుపతి అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులతో కలిపి 7. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున 21. అక్కడ 21 అని ఉండాలి. పక్క పట్టీలో ఊళ్ళ పేర్లు నేను చేత్తో సరిచేసి, పొడవు 7 అని వేశాను. అంతే, ఆ విడ్జెట్టు ఆనవాలు లేకుండా మాయమైంది. ఎర్రరు కూడా లేదు. సెడ్‌తో చిరునామా మార్చినా ఇదే జరుగుతుంది, ఎస్ లేని హెచ్‌టీటీపీకి ఎస్ చేర్చితే ఒక బైటు పెరుగుతుంది కదా. దీనికి డబ్ల్యూపీ-సీఎల్ఐలో సెర్చ్-రీప్లేస్ అని ఉంది, అది లెక్కలు సరిచేస్తూ మారుస్తుంది. చేతులు పెట్టకండి.

ఇప్పుడెలా ఉందంటారా. ఆ ఇఫ్ తీసేశాను. టెస్టు సైటుకి వేరే ఫోల్డరు, వేరే కాన్ఫిగ్. ఒక ఫైల్లో ఒకే డేటాబేసు పేరు, ఎవరడిగినా ఒకటే జవాబు. అయినా యూఆర్ఎల్ పారామీటరు ఇస్తూనే ఉన్నాను. ఫీడులో మొత్తం టపా వెళుతుంది. స్క్రిప్టు ప్రతి ఆదివారం తను తీసిన బ్యాకప్పుని నా ల్యాప్‌టాప్ మీద కొత్త డేటాబేసులోకి ఎక్కించి, అందులో అన్నిటికన్నా కొత్త టపా పేరూ తారీఖూ తీసి ఒక మెసేజ్ పంపుతుంది. నాకు కాదు, సారుకి. ఏ రోజు ఏం రాశారో నాకు తెలీదు, ఆయనకి తెలుసు. ఆయన సరే అంటే సరే. సారు ఇప్పుడు నోటుబుక్కులో కూడా రాసుకుంటున్నారు, నేనేమీ మాట్లాడటం లేదు.

కపిల కోసం సారు మళ్ళీ తిరుగుతున్నారు. బంగారుపాళెం వైపు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారట. సెలవు రోజు చూసుకుని నన్నూ రమ్మన్నారు, రికార్డరు పట్టుకోడానికి.

పోయిన ఆదివారం మెసేజ్ వెళ్ళిన కాసేపటికి సారు ఫోను.

"ఇది కాదబ్బయ్యా, రాత్రి పదకొండుకి ఇంకోటి వేసినా. అది రాలేదే?"

గుండె ఝల్లుమంది. ల్యాప్‌టాప్ తీసి చూస్తే ఆ టపా డ్రాఫ్ట్‌లో ఉంది, పబ్లిష్ నొక్కడం మర్చిపోయారు. ప్రచురించినవే కాకుండా డ్రాఫ్టులు కూడా చూసి పేరు పంపేలా స్క్రిప్టు మార్చి, మళ్ళీ నడిపాను. ఈసారి సరైన పేరే వెళ్ళింది. సారు నుంచి బొటనవేలు వచ్చింది.